వంశవృక్షము ఎవరి సొత్తు?

నేటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములు రేనాడను పేరఁ బరగిన కాలమున, ఆ నాడునేలిన చోళరాజులలో పుణ్యకుమారుడనువాడు భూదానము చేసి, దానపత్రమును రాగిరేకులపై చెక్కించునపుడు, దానవివరమునకు ముందుగా తన వంశక్రమమును వ్రాయించెను. కడప జిల్లాలోని మాలేపాడున లభించిన ఆ తామ్రశాసనము కరికాలచోళుని స్మరించి, నందివర్మను పేర్కొని, అతని కుమారులైన సింహవిష్ణు, సుందరానంద, ధనంజయులను వరుసగా చెప్పి, ధనంజయుని కొడుకైన మహేంద్రవిక్రముని మీదుగా అతని కుమారులైన గుణముదిత, పుణ్యకుమారుల వద్దకు వచ్చును. ఈ సీమలో నేటికి నిలిచియున్న అతి ప్రాచీనమైన వంశావళులలో ఇది యొకటి. తన వంశము పదుగురికి తెలియవలెనని రాజు కోరుటకు కారణము స్పష్టము: అతని అధికారమునకు ఆ వంశమే ఆధారము.

సామాన్య గృహస్థుని వంశమునకు అట్టి ప్రకటనము ఎన్నడును అవసరము కాలేదు. అది ఇంటిలోను, బంధువర్గములోను, ఊరిలోను తెలిసినంతవరకు చాలియుండెను. పదునైదిరువది యేండ్లనుండి మాత్రము, లక్షలకొలది కుటుంబములు తమ వంశవృక్షములను అంతర్జాలమున నిలిపి, లోకములో ఎవ్వరైనను చూడదగినట్లు తెరచియుంచుచున్నవి. ప్రొద్దుటూరు వర్తకుల సంతతివారు, జమ్మలమడుగు ప్రాంతపు రైతుల మనుమలు, పులివెందులనుండి హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలకు చేరిన యువకులు కూడ ఈ పనికి పూనుకొనుట సహజము. ఇది ప్రేమతో చేయు పని. పూర్వులను మరువరాదను కృతజ్ఞతతో చేయు పని. ఆ కారణముచేతనే ఇందలి ప్రమాదమును శాంతముగా, శాస్త్రదృష్టితో విచారించుట అవసరము.

రాజుల వంశములను శాసనములు కాపాడగా, ప్రజల వంశములను కాపాడుటకు తెలుగునాట వేరొక యేర్పాటుండెను. రెడ్ల యిండ్లకు, కాపుల యిండ్లకు పిచ్చుకుంట్లవారు వచ్చి, గోత్రములను, ఇంటిపేర్లను, పూర్వుల కథలను పాడి సంభావన గైకొనెడివారు. వైశ్యులకు వీరముష్టివారు, మైలారువారు, పద్మశాలీలకు కూనపులివారు, సాధనాశూరులు ఆశ్రితులై, తమ దాతల కులకథలను తరతరములుగా నోటనే నిలుపుకొనిరి. భూమికి, మిరాసీకి సంబంధించిన వంశవార్తలను గ్రామకరణములు తమ దండకవిలెలలో వ్రాసియుంచిరి. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల వంటి పండితుల సహాయమున, ఈ కవిలెలనుండియే గ్రామ కైఫియత్తులను సమకూర్పించెను. కడపలో కొలువు చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వాటిలో అనేకములకు ప్రతులు వ్రాయించెను. ఆయన పేర కడపలో వెలసిన పరిశోధన కేంద్రము కడప కైఫియత్తులను సంపుటములుగా ప్రకటించినది. ఏ గ్రామము ఎట్లు పుట్టినది, ఏ మాన్యము ఎవరికి దక్కినది, ఏ కరణికము ఏ యింటికి సంక్రమించినది అను విషయములను వానివలన నేడును తెలిసికొనవచ్చును.

ఈ ప్రాచీన వ్యవస్థను కొంచెము నిదానించి చూచినచో, అందు మూడు కట్టుబాట్లు కన్పట్టును. మొదటిది, ఏ యొక్కనికిని వంశవార్త సమస్తము తెలియదు. పిచ్చుకుంట్లవానికి గోత్రము తెలియును గాని భూమి లెక్క తెలియదు, కరణమునకు భూమి లెక్క తెలియును గాని ఆ యింటి కోడలి పుట్టినింటి కష్టము తెలియదు. రెండవది, చెప్పువాడు ఎవరో వినువారికి తెలియును. తప్పు చెప్పినచో నిలదీయవచ్చును. మూడవది, వార్త తన సందర్భమును విడిచి పోదు. పెండ్లి కుదుర్చునపుడు అడుగదగిన మాట వేరు, పంపకముల వేళ అడుగదగిన మాట వేరు. ఆధునిక తత్త్వవేత్త హెలెన్ నిస్సెన్‌బామ్ 2004లో ప్రతిపాదించిన సిద్ధాంతము ఈ మూడవ కట్టుబాటునే శాస్త్రభాషలో చెప్పుచున్నది. ఒక సమాచారము దాచబడినదా, వెల్లడియైనదా అనునది ఆమె దృష్టిలో అసలు ప్రశ్న కాదు. అది ఏ సందర్భమున, ఎవరి మధ్య, ఏ నియమముతో పుట్టినదో, ఆ నియమమునకు లోబడియే ప్రవహించుచున్నదా అనునదే అసలు ప్రశ్న. నలుగురికి తెలిసిన విషయమే యైనను, సందర్భము తప్పి వేరొక చోటికి చేరినపుడు హాని చేయవచ్చును.

అంతర్జాలమునందలి వంశవృక్షము ఈ మూడు కట్టుబాట్లను ఒక్కమారుగా సడలించును. గెని, మైహెరిటేజ్, యాన్సెస్ట్రీ, ఫ్యామిలీసెర్చ్, వికీట్రీ వంటి వేదికలలో ఒకడు తన తాతవరకు వ్రాయును, వేరొక ఊరనున్న పెదనాయన మనుమడు మరి రెండు తరములు చేర్చును, మేనత్త వైపువారు తమ కొమ్మను తెచ్చి అంటుకట్టుదురు. యంత్రము పోలికలను గుర్తించి, రెండు వృక్షములందున్న ఒకే మనిషిని కలిపి ఒక్కటి చేయును. ఇట్లు పెరిగిన వృక్షముల పరిమాణము ఊహకందనిది. 2018లో సైన్స్ పత్రికయందు వెలువడిన ఒక పరిశోధనలో, గెని వేదికనుండి 8 కోట్ల 60 లక్షల వ్యక్తివివరములను గ్రహించి పరిశీలింపగా, వాటిలో ఒక్క వృక్షముననే 1 కోటి 30 లక్షలమంది పరస్పరబంధువులుగా తేలిరి. ఆయుర్దాయమున వంశపారంపర్యపు పాలు ఎంత, తరములు గడచినకొలది వధూవరుల పుట్టిన ఊళ్ళ మధ్య దూరమెట్లు పెరిగినది అను విషయములను ఆ శాస్త్రజ్ఞులు దానినుండి లెక్కించిరి. జ్ఞానమునకు ఇది గొప్ప లాభము. దీనిని తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు.

మన సీమలోనే ఆ లాభమునకు వేరొక ముఖము కలదు. పెన్నపై గండికోట జలాశయము నిండినపుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు నీట మునిగెను. ఒక్క వీధిలో తరతరములుగా నివసించినవారు వేర్వేరు పునరావాసకాలనీలకు, పట్టణములకు చెదరిపోయిరి. ఎవరి యిల్లు ఎవరి యింటి ప్రక్కనుండెనో, ఎవరు ఎవరికి ఏమగుదురో చెప్పుటకు ఊరే లేనపుడు, వంశవృక్షము ఆ బాధ్యతలో కొంత వహింపవలసియున్నది. కరణములు లేరు, 1984లో ఆ వ్యవస్థ రద్దైనది. వంశములను పాడువారు క్రమముగా తగ్గిపోయిరి. కావున వ్రాసియుంచుట మానవలెనని బుద్ధిమంతుడెవ్వడును చెప్పడు. ఏది వ్రాయవలెను, ఎవరికి చూపవలెను అనునదే విచార్యము.

మొదటి ప్రమాదము కలయికవలన పుట్టునది. ప్రొద్దుటూరు నేతగాండ్ర మగ్గముపై పడుగు ఒక్కటియే ఉన్నంతసేపు దారములే తప్ప బొమ్మ కన్పట్టదు, పేక వచ్చి చేరినపుడే అంచు, పువ్వు ఏర్పడును, సమాచారమును అట్టిదే. శాసనముచేత గాని, ఆచారముచేత గాని బహిరంగమైన వివరములు మన చుట్టును అనేకములు కలవు. ఓటర్ల జాబితాలో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి సంఖ్య, వయస్సు ఉండును. మీభూమి వంటి భూదస్త్రముల వేదికలో పట్టాదారు పేరు, తండ్రి పేరు, సర్వే సంఖ్య, విస్తీర్ణము ఉండును. వాట్సాప్‌లో తిరుగు శుభలేఖలో ఇరువైపుల తాతల పేర్లు, ఊళ్ళు, ఫోను సంఖ్యలు ఉండును. వీనిలో ఏ యొక్కటియు విడిగా పెద్ద రహస్యము కాదు. వీనినన్నిటిని వరుసలు తప్పకుండ ఒకదానితో నొకటి కూర్చు సాధనము ఇన్నాళ్ళును లేకుండెను; పుట్టినతేదీలతో, పెండ్లితేదీలతో, ఛాయాచిత్రములతో నిండిన వంశవృక్షమే ఇప్పుడు ఆ సాధనము.

కొద్దిపాటి వివరములే మనిషిని పట్టియిచ్చునని లతన్యా స్వీనీ అను శాస్త్రజ్ఞురాలు 2000లో నిరూపించెను. పుట్టినతేది, లింగభేదము, తపాలా సంకేతసంఖ్య అను మూడు వివరములు కలిసినచో, అమెరికా ప్రజలలో 87 శాతమును ఒక్కొక్కరిగా వేరుచేయుట సాధ్యమని ఆమె గణన. 2005లో వర్జిల్ గ్రిఫిత్, మార్కస్ జాకబ్‌సన్ అనువారు టెక్సాస్ రాష్ట్రపు బహిరంగ దస్త్రములనుండి, జనుల తల్లుల పుట్టినింటి పేర్లను యంత్రముచేతనే ఊహింపవచ్చుననియు, అనేకుల విషయమున నిశ్చయముగానే చెప్పవచ్చుననియు చూపిరి. బ్యాంకులు ఖాతాదారుని గుర్తించుటకు చిరకాలము అడిగిన రహస్యప్రశ్న అదియే. తెలుగువారి వంశవృక్షమునందు తల్లి పుట్టినింటి పేరు ఊహించవలసిన పనియే లేదు. మేనమామ పేరున్నచో ఆ యింటిపేరు ఎదుటనే యుండును.

ఈ కలయికను దుర్జనుడు వాడుకొను త్రోవలు పలువిధములు. కువైటులోనో అమెరికాలోనో ఉన్న కుమారుని పేరు, అతని చిన్నాయన ముద్దుపేరు, అబ్బ కాలముచేసిన సంవత్సరము తెలిసినవాడు, ఇంటనున్న వృద్ధురాలికి ఫోనుచేసి, “జేజీ, నేను ఫలానా వారి చిన్నవాడిని, ఆసుపత్రిలో ఉన్నాను” అని నమ్మించుట సులభము. నేడు కొద్ది క్షణముల కంఠధ్వనినుండి దానికి సరిపోలు కృత్రిమస్వరమును పుట్టించు యంత్రములుండుటచేత, ఆ మోసము మరింత సులభమైనది. ఇక భూమి సంగతి. మరణించిన పట్టాదారునికి వారసులెవరని నిర్ధారించుటకు అధికారులు కోరు కుటుంబసభ్యుల ధ్రువపత్రమునకు వంశవృక్షమే మూలము. ఏ యింట ఏ వారసుడు దూరదేశమున ఉన్నాడో, ఏ శాఖ సంతానము లేక నిలిచిపోయినదో, ఏ ఆడబిడ్డ భాగము అడుగలేదో, ఒక అపరిచితునికి ముందుగానే తెలియుట, కబ్జా తలపెట్టువానికి పటము గీసి ఇచ్చుటయే యగును.

రెండవ ప్రమాదము రక్తమునందే కలదు. వంశవృక్షము కాగితముపై ఉన్న చరిత్ర మాత్రమే యని నిన్నటివరకు తలచితిమి. జన్యుశాస్త్రము దానిని దేహమునకు ముడివేసినది. వై క్రోమోజోము తండ్రినుండి కొడుకునకు దాదాపు మార్పులేక సంక్రమించును. అనేక సమాజములలో ఇంటిపేరును అట్లే సంక్రమించును. ఈ సమాంతరమును ఆధారముచేసికొని, మెలిస్సా గిమ్రెక్, యానివ్ ఎర్లిక్ ప్రభృతులు 2013లో ఒక పరీక్ష జరిపిరి. శాస్త్రపరిశోధనకై పేరు చెప్పక తమ డి.ఎన్.ఏ.ను దానము చేసినవారి వై క్రోమోజోము గుర్తులను, వంశాన్వేషకులు వేడుకకై నిలిపిన బహిరంగ భాండారములతో పోల్చి, ఇంటిపేరును రాబట్టి, వయస్సును నివాసరాష్ట్రమును దానికి చేర్చి, చివరకు సుమారు 50 మందిని పేరుపేరున గుర్తింపగలిగిరి. ఆ దాతలు తమ పేర్లు చెప్పలేదు. వారి దూరబంధువులు తమ వంశవృక్షములను తెరచియుంచిరి, అంతియే.

ఐదేండ్ల తరువాత ఎర్లిక్ బృందమే మరియొక గణన ప్రకటించినది. 12 లక్షల 80 వేలమంది జన్యువివరములున్న భాండారములో, యూరపు సంతతికి చెందిన ఏ వ్యక్తిని వెదకినను, నూటికి 60 మార్లు ముత్తాత తండ్రి దగ్గర కలియు బంధువో, అంతకంటె దగ్గరివాడో దొరకునని వారు తేల్చిరి. జనసంఖ్యలో 2 శాతము భాండారములో చేరినచో, దాదాపు ప్రతి వ్యక్తికిని అట్టి బంధువు అందులో లభించునని వారి అంచనా. అనగా నూటికి తొంబదియెనిమిది మంది పరీక్ష చేయించుకొననప్పటికిని, వారి ఆచూకీ తక్కిన యిద్దరి చేతిలో నుండును. ఇది ఊహ మాత్రమే కాదని ఆ సంవత్సరమే ఋజువైనది. కాలిఫోర్నియాలో 1974నుండి 1986వరకు ఘోరనేరములు చేసి తప్పించుకొనిన జోసెఫ్ జేమ్స్ డిఏంజెలో అను మాజీ పోలీసు 2018 ఏప్రిలులో పట్టుబడెను, నేరస్థలమందలి డి.ఎన్.ఏ.ను జెడ్‌మ్యాచ్ అను బహిరంగ భాండారముతో పోల్చి, దూరబంధువులను కనుగొని, వారి వంశవృక్షములను కొమ్మకొమ్మగా వెదకి అధికారులు అతనిని చేరుకొనిరి. నేరస్థుడు దొరకుట మేలే. ఐనను తమ వంశవృక్షము ఇందులకు ఉపయోగపడునని ఆ బంధువులు ఎన్నడును తలంచియుండరు. ఈ విమర్శ పెరిగిన పిమ్మట, స్వయముగా సమ్మతించినవారి వివరములనే పోలీసులు పోల్చునట్లు ఆ వేదిక 2019లో నియమము మార్చుకొన్నది.

ఈ సూత్రములను మన సీమకు అన్వయించినచో ఫలితము ఇంకను తీవ్రము. ఇంటిపేరు, గోత్రము రెండును తండ్రి త్రోవనే వచ్చుచుండుటచేత, వంశమును గుర్తించు సూచికలు మనకు రెండు. వీనికి తోడు మేనరికము కలదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహితలలో సుమారు నాలుగవ వంతు బంధువర్గములోని వరులను పెండ్లాడినవారు. మేనమామ కూతురును, మేనత్త కొడుకును పెండ్లియాడినచో, వారి బిడ్డలో ఒకే పూర్వునినుండి ఇరువైపులను వచ్చి ఒక్కటిగా కూడుకొను జన్యువుల పాలు సగటున పదునాఱింట నొకటి; మేనమామయే మేనకోడలిని చేసికొన్నచో ఎనిమిదింట నొకటి. పెండ్లి వరుసలు గీచియున్న వంశవృక్షమును చదువగలవాడు, ఏ పరీక్షయు లేకయే, ఆ యింటి బిడ్డలకు కొన్ని అరుదైన వ్యాధుల అవకాశము ఎంతయో లెక్కకట్టగలడు. రెండుమూడు తరములలో ఎవరు ఏ వయస్సున ఏ వ్యాధితో మరణించిరో కూడ అందు వ్రాసియున్నచో, లెక్క మరింత సూటిగా వచ్చును.

జన్యుజ్ఞానమువలని మేలును, కీడును ఒక్కచోటనే చూడవలెనన్నచో, పసిడి వర్తకమునకును బట్టల వర్తకమునకును పేరువడిన ప్రొద్దుటూరిలో ఆర్యవైశ్యుల సంగతి తలపవలెను. తరతరములుగా స్వకులమునందే వివాహములు జరుపుకొనుటవలన, కొద్దిమంది ఆదిపురుషుల జన్యువులు ఈ సమాజమునందు విస్తరించినవి. రక్తమునందలి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అను ఒక ఎంజైము లోపము ఇతరులకంటె వీరిలో సుమారు నూఱురెట్లు అధికమని వైద్యులు గుర్తించిరి. నిత్యజీవితమున ఈ లోపము ఏ బాధయు కలిగింపదు. శస్త్రచికిత్సవేళ కండరములను సడలించుటకిచ్చు సక్సినైల్‌కోలిన్ వంటి మందును మాత్రము దేహము త్వరగా విరిచివేయలేదు. అందుచే రోగికి శ్వాసకండరములు గంటలతరబడి స్తంభించియుండును. మత్తువైద్యునికి ఈ మాట ముందుగా తెలిసినచో ప్రాణరక్షణమగును. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్, హార్వర్డునందలి డేవిడ్ రైక్ ప్రభృతులు 2017లో వెలువరించిన పరిశోధన, దక్షిణాసియాలోని 260కి పైబడిన సమూహములను పరిశీలించి, వానిలో 81 సమూహములు ఫిన్లాండు ప్రజలకంటెను, అష్కెనాజీ యూదులకంటెను తీవ్రమైన జన్యుసంకోచమునకు లోనైనవని తెలిపినది. వైశ్యుల ఉదాహరణము ఒంటరిది కాదు. మన సమాజములలో అనేకములకు అట్టి ప్రత్యేకతలు బయలుపడవచ్చును.

ఇట్టి వార్త వైద్యుని చేతిలో ఔషధము. బీమావ్యాపారి చేతిలోనో, యజమాని చేతిలోనో, సంబంధము వెదకువారి చేతిలోనో అదియే అన్యాయమునకు సాధనము. ఈ భేదమును గుర్తించియే అమెరికాలో 2008లో జన్యుసమాచార వివక్షను నిషేధించు శాసనము చేసిరి. ఆ శాసనము కుటుంబసభ్యుల వ్యాధిచరిత్రను కూడ జన్యుసమాచారముగనే నిర్వచించినది. తాతకు వచ్చిన వ్యాధి మనుమని దేహమునకు సంబంధించిన రహస్యమని చట్టమే ఒప్పుకొన్నట్లు దీని భావము. ఆరోగ్యబీమాకు, ఉద్యోగమునకు వర్తించు ఆ రక్షణ జీవితబీమాకు మాత్రము వర్తింపదు.

మూడవ ప్రమాదము నమ్మి అప్పగించిన చోట సంభవించునది. ట్వంటీత్రీ అండ్ మీ అను జన్యుపరీక్షాసంస్థలో 2023లో జరిగిన చౌర్యము దీనికి తగిన నిదర్శనము. ఇతరచోట్ల వెల్లడియైన సంకేతపదములనే మరల వాడిన సుమారు 14 వేల ఖాతాలలో దొంగలు జొరబడిరి. ఆ సంస్థలో బంధువులు ఒకరి వివరములను ఒకరు చూచుకొను సదుపాయము ఉండుటచేత, ఆ 14 వేల ఖాతాలనుండి సుమారు 69 లక్షలమంది వివరములు వారి చేజిక్కెను. ఒక్కని అజాగ్రత్త సగటున దాదాపు ఐదువందల మంది బంధువులకు చుట్టుకొనెనన్నమాట. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరినపుడు, కోటికిపైబడిన జనుల జన్యువివరములు ఎవరి చేతికి పోవునోయను ఆందోళన పుట్టినది. తుదకు పూర్వాధ్యక్షురాలు నెలకొల్పిన లాభాపేక్షలేని సంస్థ వానిని కొన్నది. అంతకుముందు 2018లో, మైహెరిటేజ్ వేదికకు చెందిన 9 కోట్ల 20 లక్షల ఖాతాల ఈమెయిలు చిరునామాలు, సంకేతపదముల మరుగురూపములు బయటకు పోయినట్లు ఆ సంస్థయే ప్రకటించెను. సంస్థలు మంచివే కావచ్చును. ఐనను అవి అమ్ముడుపోవచ్చును, మూతపడవచ్చును, దోపిడికి లోనుకావచ్చును. మన మనుమల వివరములు అంతకంటె దీర్ఘాయువు గలవి.

లెక్కలకందని హానులు ఇంకను కొన్ని కలవు; వానిని అనుభవించువారు తరచుగా మాట్లాడనివారు. దత్తుడైన బిడ్డకు ఆ సంగతి ఇంకను చెప్పని తల్లిదండ్రులుందురు. మొదటి పెండ్లి చెడి, రెండవ జీవితము నిర్మించుకొన్న స్త్రీలుందురు. కులాంతర వివాహము చేసికొని, కోపము చల్లారని బంధువులకు దూరముగా బ్రతుకు దంపతులుందురు. చిన్నతనముననే పోయిన బిడ్డ పేరును తలచుకొనలేని తల్లులుందురు. ఉత్సాహవంతుడైన యువకుడు వృక్షమున ఒక గీత గీచి, ఒక తేదీ వేయుటతో, వీరందరి మౌనము ఒక్కసారిగా భంగమగును. ఇంటిపేరు, గోత్రము బహిరంగమైనచోట కులము బహిరంగమైనట్లే. దానిని చెప్పవలెనా, వద్దా అను నిర్ణయము ఆ వ్యక్తిదే. ఇక వర్గవైషమ్యములు తరములదాక సాగిన ఊళ్ళు రాయలసీమలో కలవు. ఎవరు ఎవరికి బావమరది, ఎవరి కొడుకు ఏ పట్టణమున చదువుచున్నాడు అను వార్త ఆ ఊళ్ళలో వేడుకకై చెప్పుకొను మాట కాదు. పగ ఎరుగని పిల్లవానిని పగవాని దృష్టికి తెచ్చు మాట.

చట్టము ఈ విషయమున ఎంతవరకు తోడ్పడును? న్యాయమూర్తిగా విశ్రాంతి పొందిన కె.యస్. పుట్టస్వామి వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న భారత సర్వోన్నత న్యాయస్థానమందలి తొమ్మండుగురు న్యాయమూర్తులు, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన మౌలికహక్కు అని ఏకగ్రీవముగా తీర్పుచెప్పిరి. దాని ననుసరించి 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చెను. 2025లో నియమములు వెలువడి, దశలవారీగా అమలునకు వచ్చుచున్నది. పదునెనిమిదేండ్లు నిండని బాలబాలికల వివరములను సంస్థలు సేకరింపవలెనన్నచో తల్లిదండ్రుల ధ్రువీకృతసమ్మతి ఉండవలెనని అది శాసించుచున్నది. అయితే ఒక వ్యక్తి స్వకీయమైన గృహావసరమునకై చేయు పనికి ఈ చట్టము వర్తింపదు. ఇంటి వంశవృక్షమును ఇంటిలో వ్రాసికొనువానికి ఈ మినహాయింపు సహజమే. లోకమునకు తెరచినవాడు మాత్రము తన పని ఇంకను గృహకృత్యమే యని సమాధానపడుట ధర్మము కాదు. పైగా, వెల్లడియైన వార్తను వెనుకకు తెచ్చు శక్తి ఏ చట్టమునకును లేదు. జెడ్‌కామ్ అను సామాన్యరూపము 1984నుండి వాడుకలో ఉండుటచేత, ఒక వేదికలోని వృక్షమును క్షణములో దింపుకొని, వేరొక వేదికలో నాటవచ్చును. మూలమును తుడిచివేసినను ప్రతులు మిగిలియుండును.

కాలమే రక్షణగా నిలిచిన ఒక పాతపద్ధతి ఇచ్చట మార్గదర్శకము కాదగును. 1948నాటి మన జనగణన చట్టము, ఎన్యూమరేటరు వ్రాసికొన్న వ్యక్తివివరములను ఎవ్వరును చూడరాదనియు, అవి న్యాయస్థానమున సాక్ష్యముగా కూడ చెల్లవనియు చెప్పుచున్నది. అమెరికాలో జనగణన వివరములు 72 ఏండ్లు, బ్రిటనులో నూఱేండ్లు మూసియుంచబడును. ఆ తరువాతనే వంశాన్వేషకులకు తెరువబడును. ప్రభుత్వములే ఇంత సంయమము పాటించుచుండగా, బంధువుల విషయమున బంధువు అంతకు తక్కువ పాటింపరాదు. పెద్ద వేదికలలో అనేకములు, బ్రతికియున్నవారి వివరములను అపరిచితులకు మరుగుపరచు ఏర్పాటులను ఇప్పటికే కల్పించినవి. ఐనను మరణవార్త తప్పుగా నమోదైనను, జననసంవత్సరము తప్పినను, ఏర్పాటును సరిగా ఎంచుకొనకున్నను ఆ తెర తొలగిపోవును.

కావున ఆచరణయోగ్యమైన నియమములు కొన్ని చెప్పవచ్చును. వంశవృక్షములు రెండుండవలెను: ఇంటికొకటి, లోకమునకొకటి. ఇంటిది సమగ్రముగా, పుస్తకములోనో, నమ్మినవారికి మాత్రమే తెరచుకొను చోటనో ఉండవచ్చును. లోకమునకు చూపు వృక్షమున నూఱేండ్లకు పూర్వము పుట్టినవారిని, కాలముచేసిన పెద్దలను మాత్రమే ఉంచి, జీవించియున్నవారి స్థానమున పేరు లేని గుర్తు ఒక్కటి పెట్టిన చాలును. ఎవరినైనను చేర్చవలెనన్నచో వారినే అడుగవలెను. ఇంటిపెద్ద సరేయన్నంతనే కోడండ్ర తరపునను, ఆడబిడ్డల తరపునను, అల్లుండ్ర తరపునను సమ్మతి లభించినట్లు కాదు. పిల్లల పేర్లు, ఛాయాచిత్రములు, పాఠశాలల వివరములు ఎన్నడును పెట్టరాదు. పుట్టినతేదీకి బదులు సంవత్సరము చాలును. మరణకారణము, వ్యాధుల వివరములు ఇంటి పుస్తకముననే ఉండి, అవసరమైన వైద్యునికి మాత్రమే చేరవలెను. పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్, రేషను కార్డు, శుభలేఖల ప్రతులను ఆధారపత్రములుగా ఎక్కింపరాదు. డి.ఎన్.ఏ. పరీక్షకు పూనుకొనువాడు అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు ముందుగా చెప్పవలెను. పరీక్షకు పోవునది అతని యుమ్మియే గాని, అందులో సగము వారిది కూడ. బ్యాంకు ఖాతాలకు రహస్యప్రశ్నగా తల్లి పుట్టినింటి పేరును ఎవ్వరును వాడరాదు. ఎవరైనను తమ పేరు తొలగింపుమని కోరినచో, కారణమడుగక తొలగింపవలెను.

ఈ నియమములు వంశచరిత్రను కృశింపజేయునని కొందరు భయపడవచ్చును. అనుభవమున దానికి విపరీతమే జరుగును. తన మాట ఊరంతటికి ప్రాకునని తెలిసినచోట పెద్దవారు నోరు విప్పరు. తిథులు మాత్రము చెప్పి ఊరకుందురు. చెప్పినది ఇంటి గడప దాటదని నమ్మకము కుదిరినపుడు, ఏ కరవులో ఏ బిడ్డను ఎవరు పెంచిరో, ఏ యింట ఏ వ్యాధి వచ్చెనో, ఏ అన్నదమ్ములు ఎందులకు విడిపోయిరో నిజముగా చెప్పుదురు. వైద్యునికి ఉపకరించునదియు, చరిత్రకారునికి ఉపకరించునదియు ఆ నిజమే. వంశవృక్షమును వ్రాయువాడు దానికి స్వామి కాడు, ధర్మకర్త. అందున్న ప్రతి పేరును ఒక మనిషి తన దగ్గర ఉంచిన నిక్షేపము. ఆ నిక్షేపమును కాపాడుట తెలిసినవాని పుస్తకముననే వంశముయొక్క పూర్తి సత్యము చేరును.